మందుకు గురి ఉంది సరే, మన లెక్క ఎక్కడ?

కోల్‌కతాలో ఉంటూ పేపర్ చదివే అలవాటున్న వాళ్లకు ఒక రకం వార్త బాగా తెలుసు. ఫలానా ల్యాబ్‌లో మొండి రొమ్ము క్యాన్సర్‌కు నానో మందు తయారైంది, అది మంచి కణాల జోలికి పోకుండా క్యాన్సర్ కణాలనే వెతికి చంపుతుంది, ఎలుకల్లో గడ్డ చిక్కిపోయింది అని రాస్తారు. పక్కన తెల్లకోట్లు వేసుకున్న నలుగురైదుగురి ఫొటో, కింద పేర్లు. ఆ పేర్లు వరసగా చదివితే పెళ్లి శుభలేఖ చదివినట్టే ఉంటుంది. అందరూ ఒకే బంధువర్గం.

ఆ వార్తను ఎగతాళి చేయడానికి ఇది రాయడం లేదు. నేను చదివింది కెమిస్ట్రీ. ఈ నగరంలోనే ఒక ల్యాబ్‌లో మూడేళ్లు ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా నానో రేణువుల మీదే పనిచేశాను. ఆ సైన్సు అబద్ధం కాదు, అనవసరం అసలే కాదు. నా గొడవ వేరే. నానో వైద్యం తను ఎక్కించిన మందు ఒంట్లో ఎక్కడికి పోయిందో, ఎంత పోయిందో శాతాల్లో కొలుస్తుంది. అదే మందు సమాజంలో ఎవరి దాకా పోయిందో, ఏ కులం గడప దగ్గర ఆగిపోయిందో కొలవమంటే మాత్రం మొహం తిప్పేస్తుంది. ఆ రెండో కొలత లేనంత కాలం 'టార్గెటెడ్' అనే మాట సగమే నిజం.

ముందు జబ్బు గురించి నాలుగు మాటలు. రొమ్ము క్యాన్సర్ ఒకటే జబ్బు కాదు. గడ్డ నుంచి తీసిన ముక్క మీద మూడు పరీక్షలు చేస్తారు. ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఉందా, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్ ఉందా, హెర్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉందా అని చూస్తారు. మొదటి రెంటిలో ఏదున్నా టమోక్సిఫెన్ లాంటి మాత్రలకు దారి ఉంటుంది. హెర్-2 ఉంటే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ ఉంది. మూడూ లేకపోతే దాన్ని ట్రిపుల్ నెగటివ్ అంటారు. ఇది తొందరగా పెరుగుతుంది, తక్కువ వయసు ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది, తగ్గినట్టే తగ్గి మొదటి కొన్నేళ్లలోనే తిరగబడుతుంది. పట్టుకోవడానికి పిడి లేని కత్తి లాంటిది. అందుకే ఎన్నో ఏళ్లు దీనికి మామూలు కీమో తప్ప వేరే దారి లేకపోయింది. పడమటి దేశాల్లో రొమ్ము క్యాన్సర్ కేసుల్లో ఇది 15 శాతం లోపే. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2016లో వేసిన లెక్కలో 31 శాతం దాకా వచ్చింది. అంటే ఇది ప్రధానంగా మన ఆడవాళ్ల సమస్య. 2022లో దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిన వాళ్లు సుమారు 1,92,000 మంది, చనిపోయినవాళ్లు 98 వేల పైచిలుకు అని ప్రపంచ క్యాన్సర్ అంచనాలు చెబుతున్నాయి.

ఇక్కడే నానో సంగతి వస్తుంది. కీమో మందు ఒంట్లో అన్నిచోట్లకూ పోతుంది. జుట్టు రాలడం, వాంతులు, రక్తకణాలు పడిపోవడం అందుకే. మందును చాలా చిన్న రేణువులో పెట్టి పంపితే గడ్డలోని కారే రక్తనాళాల గుండా అది అక్కడే ఎక్కువగా చేరుతుందనేది ఆలోచన. డాక్సోరుబిసిన్‌ను కొవ్వు బుడగలో పెట్టిన డాక్సిల్‌కు 1995లో అమెరికా అనుమతి వచ్చింది. పాక్లిటాక్సెల్ అనే మందు నీళ్లలో కరగదు. అందుకని ఆముదం నూనె నుంచి చేసిన ఒక ద్రావకంలో కలిపి ఎక్కించేవాళ్లు. ఆ ద్రావకం పడక చాలామందికి ఒళ్లు దద్దుర్లు, ఊపిరాడకపోవడం వచ్చేవి. దాని బదులు మనిషి రక్తంలో ఉండే ఆల్బుమిన్ ప్రోటీన్‌తో సుమారు 130 నానోమీటర్ల రేణువు చేశారు. వెంట్రుక మందంలో దాదాపు ఆరువందల వంతు. దాని పేరు అబ్రాక్సేన్. 2005లో ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు అమెరికా దాన్ని అనుమతించింది. మన దేశంలో 2007లో దాబర్ ఫార్మా పాలిమర్ రేణువుతో నానోక్సెల్ తెచ్చింది. ఇవి ఆసుపత్రుల్లో నిజంగా వాడిన మందులు. కాబట్టి నానో అంటే పేపర్లో రాసే కథ అనుకోవద్దు.

కానీ ఆ పై మెట్టు ఇంకా కష్టంగానే ఉంది. రేణువు మీద యాంటీబాడీ అంటించి క్యాన్సర్ కణాన్నే పట్టుకునేలా చేయడం అసలు 'గురి'. హెర్-2ను గురి పెట్టిన ఎంఎం-302 అనే రేణువు మీద పెద్ద ఆశలు పెట్టుకున్నారు. మామూలు చికిత్స కన్నా మేలు చేసే సూచన లేదని 2016 చివర్లో ఆ ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. అదే 2016లో టొరంటో విశ్వవిద్యాలయం బృందం పదేళ్ల పాటు ప్రచురితమైన జంతు ప్రయోగాలన్నీ ముందేసుకుని లెక్క తీసింది. ఎక్కించిన నానో రేణువుల్లో గడ్డ దాకా చేరినవి మధ్యస్థంగా 0.7 శాతం. నూటికి ఒకటి కూడా కాదు. మిగిలిందంతా లివర్, ప్లీహం లాంటి చోట్ల చిక్కుకుపోతోంది.

ఆ అంకెను నేను గౌరవిస్తాను. తమ రంగం గొప్పలు చెప్పుకుంటున్న రోజుల్లో, ఆ రంగంలోని వాళ్లే కూర్చుని 'మనం పంపింది చేరడం లేదు' అని లెక్కతో ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఎందుకు చేరడం లేదు, లివర్‌లో ఎందుకు ఆగుతోంది, ఎలా మార్చాలి అని వందల మంది పనిలో పడ్డారు. కొలిస్తేనే లోపం కనిపిస్తుంది. లోపం కనిపిస్తేనే సరిదిద్దమని అడగగలం.

ఇప్పుడు నా ప్రశ్న. ఈ దేశంలో క్యాన్సర్ వైద్యం అనే ఇంజెక్షన్‌లో దళిత, ఆదివాసీ, బీసీ ఆడవాళ్ల దాకా చేరేది ఎంత శాతం? ఎవరైనా చెప్పగలరా? ఐసీఎంఆర్ నడిపే జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 1980ల మొదట్లోనే మొదలైంది. దాని నివేదికలు తిరగేయండి. వయసు ఉంటుంది, ఆడా మగా ఉంటుంది, ఏ అవయవమో ఉంటుంది, ఏ ఊరి రిజిస్ట్రీయో ఉంటుంది, ఏ దశలో వచ్చారో ఉంటుంది. కులం పట్టిక ఉండదు. నాలుగు దశాబ్దాలుగా ఈ దేశం క్యాన్సర్‌ను లెక్కపెడుతోంది గానీ, ఆ క్యాన్సర్ ఏ వాడలో ముదిరిపోయేదాకా బయటపడలేదో అడగలేదు.

'క్యాన్సర్‌కు కులం ఉండదు కదా' అంటారు. నాతో ల్యాబ్‌లో టీ తాగుతూ కూడా అన్నారు. కణానికి కులం లేదు, నిజమే. మాలపల్లెలో పుట్టే ట్రిపుల్ నెగటివ్ వేరు, అగ్రహారంలో పుట్టేది వేరు అని నేనెప్పుడూ అనను. కులం రక్తంలో ఉంటుందనేది మనువు సిద్ధాంతం, మనది కాదు. కానీ గడ్డ చేతికి తగిలిన రోజు నుంచి మొదటి కీమో సీసా వేలాడదీసిన రోజు దాకా ఎన్ని నెలలు పట్టిందో, ఆ నెలల్లో కులం ఉంది. కూలి పోతుందని ఆగిన వారాల్లో ఉంది. ఓపీ చీటీ దగ్గర 'తర్వాత రా' అన్న గొంతులో ఉంది. దళిత మహిళలు పైకులాల మహిళల కన్నా సగటున 14.6 ఏళ్లు ముందే చనిపోతున్నారని 2018లో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం నివేదిక చెప్పింది. ఆ ఏళ్లు ఎక్కడ పోయాయో జబ్బుల వారీగా చెప్పే లెక్క మన దగ్గర లేదు.

అమెరికాను చూడండి. జాత్యహంకారంలో వాళ్లు మనకేం తీసిపోరు. అయినా అక్కడ లెక్క ఉంది. నల్లజాతి ఆడవాళ్లకు ట్రిపుల్ నెగటివ్ తెల్లవాళ్ల కన్నా దాదాపు రెట్టింపు వస్తుందని, రొమ్ము క్యాన్సర్ మొత్తంగా వాళ్లకు కొంచెం తక్కువే వచ్చినా దాని వల్ల చనిపోయే రేటు మాత్రం సుమారు 40 శాతం ఎక్కువని అక్కడి క్యాన్సర్ సొసైటీ ప్రచురిస్తుంది. ఆ అంకె చేతిలో ఉంది కాబట్టే నల్లజాతి మహిళా సంఘాలు ట్రయళ్లలో తమ వాటా అడుగుతున్నాయి.

ఇంకో విచిత్రం చెబుతాను. ట్రిపుల్ నెగటివ్ మీద పనిచేసే ప్రతి ల్యాబ్‌లోనూ కొన్ని కణాల వరసలను పెంచుతారు. అందులో ఒకటి ఎండీఏ-ఎంబీ-468. 1977లో అమెరికాలో 51 ఏళ్ల ఒక నల్లజాతి మహిళ నుంచి తీసిన కణాలు అవి. ఆ వివరం ఆ కణాల కాగితం మీదే రాసి ఉంటుంది. నేను కోల్‌కతాలో గాజుగిన్నెలో పెంచే కణానికి దాని మూలం, జాతి, వయసు రికార్డులో ఉన్నాయి. నాలుగు కిలోమీటర్ల అవతల ఆసుపత్రి వరండాలో పడుకున్న మనిషి ఏ సమాజం నుంచి వచ్చిందో ఏ క్యాన్సర్ నివేదికా చెప్పదు. గాజుగిన్నెకున్న చరిత్ర మన ఆడవాళ్లకు లేదు.

ఆ వరండాలో నాకూ ఒక మనిషి ఉండేది. హుగ్లీ నది ఒడ్డున జూట్ మిల్లుల్లో పనికి ఒకప్పుడు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగువాళ్లు గుంపులుగా వచ్చారు. మా తాత అలా శ్రీకాకుళం వైపు నుంచి టిటాగఢ్ మిల్లు లైన్లకు వచ్చినవాడు. బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇస్తే మా లైన్లలో మిఠాయిలు పంచుకున్నాం. మా చిన్నమ్మకు ఆ హోదాతో ఆసుపత్రిలో ఏం ఒరగలేదు. ఆమెకు బెంగాలీ కూరగాయల బేరం వరకే వచ్చు. గడ్డ తగిలాక లైన్ల దగ్గరి డాక్టర్ రెండు నెలలు పూత మందు ఇచ్చాడు. బాబాయిది మిల్లులో బదిలీ పని. పని దినాలు సరిపోక ఈఎస్ఐ కార్డు ఆ ఏడాది చెల్లలేదు. సీల్దా లోకల్ ఎక్కి ఒక పెద్ద ఆసుపత్రికి పోతే బయాప్సీకి తేదీ ఇచ్చారు. బయాప్సీ అయ్యాక ఆ మూడు రిసెప్టర్ పరీక్షలూ బయట చేయించుకు రమ్మన్నారు. మొదటి కీమోకు ఏడు నెలలు పట్టింది. అప్పటికి జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంది. ఆ రోజుల్లో నేను పగలు ల్యాబ్‌లో ఎలుకలకు నానో పాక్లిటాక్సెల్ ఎక్కించేదాన్ని. ఎలుకకు గడ్డ ఎన్ని మిల్లీమీటర్లు ఉందో వారానికి రెండుసార్లు కొలిచేవాళ్లం. మా చిన్నమ్మ గడ్డను ఏడు నెలల్లో ఎన్నిసార్లు కొలిచారో నాకు తెలుసు. రెండు సార్లు.

ఈఎస్ఐ గురించి ఒక మాట చెప్పాలి. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబర్. కార్మికుల ఆరోగ్య బీమాకు పునాది వేసిన అదార్కర్ నివేదిక 1944లో ఆ కాలంలోనే వచ్చింది. 1948లో అది ఈఎస్ఐ చట్టమైంది. జబ్బు చేసిన కార్మికుడికి వైద్యం దానం కాదు, హక్కు అనే ఆలోచన దాని వెనక ఉంది. ఆయన్ను 1946లో రాజ్యాంగ సభకు పంపింది ఈ బెంగాలే. జోగేంద్రనాథ్ మండల్, ఆయన వెంట నిలిచిన నామశూద్రుల బలంతో. అదే బెంగాల్లో మిల్లు మేనేజర్లు మనిషిని బదిలీ పేరుతో ఏళ్ల తరబడి అతుకుల పనిలో ఉంచి, ఆ హక్కును చేతికి అందకుండా చేస్తున్నారు. నానో మందు గురి తప్పేది రక్తనాళంలో ఒక్కటే కాదు. ఇలాంటి చోట్ల కూడా తప్పుతుంది.

గడ్డను ముందే పట్టుకోవడానికి మహా యంత్రాలు అక్కర్లేదని ముంబై నిరూపించింది. అక్కడి మురికివాడల్లో 1998 నుంచి టాటా మెమోరియల్ వాళ్లు లక్షన్నర మందికి పైగా ఆడవాళ్లతో ఒక అధ్యయనం నడిపారు. సగం వాడల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. ఫలితాలు 2021లో బీఎంజే పత్రికలో వచ్చాయి. 50 ఏళ్లు దాటిన వాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. జబ్బు ముందు దశలోనే దొరికింది. చేతులు, శిక్షణ, జీతం. అంతే. 30 దాటిన ఆడవాళ్లకు అయిదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని 2016లో కేంద్రమే మార్గదర్శకాలు ఇచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో అడిగితే 30-49 ఏళ్ల ఆడవాళ్లలో జీవితంలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద ఒక్క శాతం కూడా లేరు. పశ్చిమ బెంగాల్లో అంతకన్నా తక్కువ. గమనించండి, ఎలుకలో నానో రేణువు చేరిక 0.7 శాతం, మన ఆడవాళ్లకు చేతి పరీక్ష చేరిక ఒక్క శాతం లోపు. మొదటి అంకె మీద ప్రపంచమంతా సెమినార్లు జరుగుతాయి. రెండో అంకె మీద?

ఇక ల్యాబ్ లోపలికి వద్దాం. ఎందుకంటే ఏ అంకె మీద సెమినార్ పెట్టాలో నిర్ణయించేది అక్కడివాళ్లే.

1950 జనవరిలో ఇరెన్ జోలియో క్యూరీ కోల్‌కతా వచ్చారు. ఆ ఒక్క నెలలోనే ఇక్కడి చిత్తరంజన్ క్యాన్సర్ ఆసుపత్రినీ, మేఘనాద్ సాహా కట్టిన న్యూక్లియర్ ఫిజిక్స్ సంస్థనూ ప్రారంభించారు. మేఘనాద్ సాహా ఎవరు? ఢాకా దగ్గరి పల్లెలో, తక్కువ కులంగా చూసిన ఇంట్లో, చిన్న కొట్టు నడుపుకునే తండ్రికి పుట్టినవాడు. ప్రెసిడెన్సీ కాలేజీలో చదివేటప్పుడు ఈడెన్ హిందూ హాస్టల్లో పైకులాల కుర్రాళ్లు ఆయనతో కలిసి అన్నం తినడానికి ఒప్పుకోలేదు. నక్షత్రాల వెలుగులో ఏముందో లెక్కగట్టిన మనిషికి భోజనాల గదిలో చోటు లేదు.

సాహా పేరు పెట్టుకున్న ఆ సంస్థ ఈరోజు ఎక్కడుందో చూడండి. కేంద్ర విద్యాసంస్థల్లో టీచర్ పోస్టుల రిజర్వేషన్ కోసం పార్లమెంటు 2019లో ఒక చట్టం చేసింది. అందులోని నాలుగో సెక్షన్ కొన్ని సంస్థలను 'అత్యున్నత సంస్థలు, జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థలు' అని రిజర్వేషన్ నుంచి మినహాయించింది. ఆ జాబితాలో హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్, దాని కింది సంస్థలు ఉన్నాయి. వాటిలో కోల్‌కతాలోని సాహా సంస్థ ఉంది. ముంబైలోని టాటా మెమోరియల్ సెంటర్ కూడా ఉంది. అంటే దేశంలో క్యాన్సర్ వైద్యానికి తలకాయ లాంటి సంస్థలో అధ్యాపకుడిగా చేరడానికి మన రిజర్వేషన్ వర్తించదు. కులం వల్ల పంక్తి నుంచి లేపేసిన మనిషి పేరుతో ఉన్న సంస్థలోనూ వర్తించదు. హాస్టల్ భోజనాల గది తలుపు 2019లో చట్టంగా మారింది.

'అక్కడ మెరిట్ కావాలి' అంటారు. ఐఐటీలు, ఐఐఎస్సీ లాంటి పైవరస సంస్థల్లో దళిత, ఆదివాసీ ప్రొఫెసర్లు ఒక్క శాతం లోపేనని 2023 జనవరిలో నేచర్ పత్రిక రాసింది. మెరిట్ అనేది ఈ దేశంలో పేర్లను వరసగా ఒకే బంధువర్గం నుంచి తీస్తుందంటే, కొలిచే తక్కెడలో లోపం ఉందని ఏ కెమిస్ట్ అయినా ముందు అనుమానిస్తాడు. నా సొంత మాట చెప్పాలంటే, నేను పనిచేసిన చోట మూడేళ్లలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న నా థీసిస్ గురించి కాదు, నా ఇంటిపేరు గురించి. ఎలుకల బోనులు కడిగే మనిషిని మాత్రం ఎవరూ ఇంటిపేరు అడగలేదు. అడగకుండానే తెలుసు వాళ్లకు. సైన్సు గురించి రాయాలని కలలుగన్న రోహిత్ వేములను 2016 జనవరి 17న పోగొట్టుకున్న తెలుగువాళ్లకు ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మనల్ని ల్యాబ్‌లోకి రానివ్వరు గానీ, ల్యాబ్ మాత్రం మన దగ్గరికి వస్తుంది. ట్రయల్ రూపంలో. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. భద్రాచలం వైపు ఆదివాసీ హాస్టళ్ల పిల్లలు చాలామంది. ఎన్నోచోట్ల తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. ఆ టీకా మంచిదే, ఈరోజు ప్రపంచమంతా వాడుతోంది. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టిన కారణాల్లో ఆ సంతకాలూ ఉన్నాయి. 2011లో పిడుగురాళ్ల నుంచి పేద కూలి ఆడవాళ్లను హైదరాబాద్ తీసుకుపోయి క్యాన్సర్ మందు పరీక్షలకు వాడుకున్నారని బయటపడింది. గొడవయ్యాక ఔషధ నియంత్రణ అధికారులు ఆ కంపెనీ అనుమతి సస్పెండ్ చేశారు. రేపు కోల్‌కతా నానో రేణువు ఎలుకను దాటి మనిషి దగ్గరికి వచ్చినప్పుడు ఏ వాడకు వస్తుందో ఊహించడం కష్టమేమీ కాదు. మందు అమ్మకానికి వచ్చాక అదే వాడకు వస్తుందా అన్నదే అసలు ప్రశ్న. 2019 క్లినికల్ ట్రయల్స్ నియమాలు ట్రయల్‌లో ఉన్న మనిషికి కొన్ని షరతులతో ఆ తర్వాత కూడా ఉచితంగా మందు ఇచ్చే వీలు పెట్టాయి. ఆ మనిషి పక్కింటి ఆమెకు అలాంటి వీలేమీ లేదు.

ధర సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మందు ఖరీదు దేవుడు రాసిపెట్టింది కాదని మన హైదరాబాద్ కంపెనీ ఒకటి చూపించింది. అబ్రాక్సేన్ పేటెంట్ దరఖాస్తు మీద నాట్కో అభ్యంతరం పెడితే 2009లో మన పేటెంట్ ఆఫీసు ఆ దరఖాస్తును తిరస్కరించింది. లివర్, కిడ్నీ క్యాన్సర్లకు వాడే నెక్సావర్ నెలకు రూ. 2.8 లక్షలు ఉంటే, 2012 మార్చిలో వచ్చిన దేశపు మొదటి తప్పనిసరి లైసెన్సుతో నాట్కో రూ. 8,880కి ఇవ్వాల్సి వచ్చింది. ట్రాస్టుజుమాబ్ మీద ఒత్తిడి పెరిగాక 2013లో రోష్ కంపెనీ ఇక్కడి పేటెంట్‌ను వదులుకుంది. విదేశీ కంపెనీల మీదే ఇంత చేయగలిగినప్పుడు, మన పన్ను డబ్బుతో పుట్టిన రేణువు మీద ఎందుకు చేయలేం? 2007లో నానో మిషన్ మొదలైనప్పుడు అయిదేళ్లకు వెయ్యి కోట్లు కేటాయించారు. ఆ డబ్బులో మిల్లు లైన్లలో కొన్న అగ్గిపెట్టె మీది పన్ను కూడా ఉంది. అలా పుట్టిన పేటెంట్‌ను ఒక్క కంపెనీకి గంపగుత్తగా అప్పజెప్పడం ప్రజల సొమ్మును రెండోసారి అమ్ముకోవడమే.

ఇప్పుడు మనవాళ్లతో ఒక మాట. 'ముందు మరుగుదొడ్లు, నీళ్లు, పీహెచ్‌సీలు చూడండి, నానో మనకెందుకు' అనే అన్నలు ఉన్నారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, వాదనతో మాత్రం ఒప్పుకోను. యంత్రాన్ని, ఆధునికతను తిట్టే గాంధీవాదాన్ని బాబాసాహెబ్ 1945లోనే ఉతికి ఆరేశారు. యంత్రం లేని బతుకు పైకులం వాడికి ముచ్చట కావచ్చు, కాయకష్టం చేసేవాడికి అది జైలు అని ఆయన వాదన సారం. ఇది సైన్సుకూ వర్తిస్తుంది. చేతి పరీక్ష మనకు, నానో రేణువు వాళ్లకు అని పంచుకుంటే అది మళ్లీ వర్ణవ్యవస్థే. ట్రిపుల్ నెగటివ్ వచ్చిన మన ఆడమనిషికి ముందుగా పట్టుకోవడమూ కావాలి, మంచి మందూ కావాలి. క్యాన్సర్‌కు కీమోలో మొదటి మెట్టు ఎక్కించినవాళ్లలో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారని తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆయన బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ రొమ్ము క్యాన్సర్‌కు ఎన్నో ఏళ్లు వాడారు. డెబ్భై ఏళ్లు దాటిన ఆ చవక మందైనా సమయానికి అందిందా మన లైన్లకు? కొత్తది కనిపెడితే పాతదాని దారిలోనే పోతుంది. దారి మార్చాలి.

దారి మార్చడం అంటే ఏమిటో వివరంగానే అడుగుదాం. క్యాన్సర్ రిజిస్ట్రీ ఫారంలో కులం గడి పెట్టాలి. రోగి ఇష్టంతో, పేరు బయటపెట్టకుండా. ఏ దశలో వచ్చారు, మొదటి చికిత్సకు ఎన్ని రోజులు పట్టింది, ఎంతమంది మధ్యలో మానేశారు అన్నవి కులం వారీగా ఏటా అచ్చు వేయాలి. 2025 ఏప్రిల్ 30న కేంద్ర కేబినెట్ జనగణనలో కులం లెక్కిస్తామని ప్రకటించింది. తలల లెక్క ఉండి ఆసుపత్రి లెక్క లేకపోతే ఆ గణన ఎన్నికల పంచాంగమే అవుతుంది. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఆ మూడు రిసెప్టర్ పరీక్షలూ ఉచితంగా చేయాలి. ఆ పరీక్ష లేకుండా ఏ మందుకూ గురే ఉండదు. 2019 చట్టంలో నాలుగో సెక్షన్ మినహాయింపును రద్దు చేయాలి. ప్రభుత్వ డబ్బుతో పుట్టిన ప్రతి నానో మందుకూ ధర షరతు పెట్టి, చేయగలిగిన కంపెనీలన్నిటికీ లైసెన్సు ఇవ్వాలి. ఆశా కార్యకర్త చేత్తో చేసే రొమ్ము పరీక్షకు వేరుగా జీతం ఇవ్వాలి, చేయించుకున్న ఆడమనిషికి ఆ రోజు కూలి ఇవ్వాలి.

ఇవేవీ నోబెల్ బహుమతి కోసం ఎదురుచూడాల్సిన పనులు కావు. ఒక ఫారంలో ఒక గడి, ఒక చట్టంలో ఒక సెక్షన్, ఒక లైసెన్సులో ఒక షరతు. వీటికి అడ్డం పడేవాళ్లు 'సైన్సును రాజకీయం చేయొద్దు' అంటారు. వాళ్లను నేను ఒకటే అడుగుతాను. మందు లివర్‌లో చిక్కుకుంటే మీరు పేపర్ రాస్తారు. అదే మందు కులంలో చిక్కుకుంటే ఎందుకు రాయరు?

ఈసారి ఆ తెల్లకోట్ల ఫొటో పేపర్లో వచ్చినప్పుడు మన పిల్లలు ఆ ల్యాబ్‌కు ఉత్తరం రాయాలి. అభినందనలు చెప్పండి. తర్వాత రెండు ప్రశ్నలు అడగండి: మీ బృందంలో మావాళ్లు ఎంతమంది? మీ మందు మా వాడకు ఎప్పుడు, ఎంతకు వస్తుంది? జవాబు వస్తే దాచిపెట్టండి. రాకపోతే ఆర్టీఐ వేయండి.

జై భీమ్.